యంత్రవైద్యం: ముసలి స్కూటరుకు జ్వరం

జ్వరం వచ్చిన మనిషికి ఒళ్లు కాలడంతోపాటు నాడి కూడా తొందరగా కొట్టుకొంటుంది. ఈ రెండూ వేరువేరు జబ్బులని ఏ వైద్యుడూ అనుకోడు. ఒళ్లు కాలుతున్నదని చన్నీళ్లు పోయించి, నాడి తొందరగా వున్నదని ఇంకో మాత్ర వ్రాసిచ్చే వైద్యుడి దగ్గరకు మనం రెండోసారి వెళ్లం. కాని ఇంట్లో స్కూటరుకు సరిగ్గా ఈ రెండు లక్షణాలే కనిపించినప్పుడు మన మెకానిక్కులలో చాలామంది చేసే వైద్యం అదే. గోల తగ్గించడానికి ఒక స్క్రూ తిప్పుతారు. వేడి తగ్గడానికి కాస్త ఆయిలెక్కువ కలపమంటారు. జబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే వుంటుంది.

తెనాలి నుండి ఒక సోదరి ఇలా వ్రాశారు:

"మా మామగారు 1988లో కొన్న చేతక్ స్కూటరు మా ఇంట్లో వుంది. ఆయన పోయి మూడేళ్లయింది. మావారు దానిమీదే రోజూ ఆఫీసుకు వెళతారు. దారిలో మా పాపను బళ్లో దింపుతారు. రెండు నెలలనుంచి బండి వింతగా ప్రవర్తిస్తున్నది. పొద్దున బయలుదేరేటప్పుడు బాగానే వుంటుంది. అరగంట నడిచాక ఎక్కడైనా ఆపితే ఎక్సిలేటరు వదిలేసినా ఇంజను గోలపెడుతూనే వుంటుంది. కాలికి సెగ కొడుతుంది. ఒకసారి తాళం తిప్పినా వెంటనే ఆగలేదట. ఒక మెకానిక్కు బోరు చేయించి కొత్త పిస్టను వేయించాలన్నాడు. ఇంకొకడు ఇనప సామాన్ల వాడికి అమ్మేయమన్నాడు. నాన్నగారి బండి అమ్మనంటారు మావారు. పాపను ఎక్కించుకొని వెళుతుంటే నాకు గుండె దడగా వుంటుంది. ఏం చేయమంటారు?"

సోదరీ, మీ గుండె దడకు కారణం వుంది. అందుకే మొదటి మాట ముందే చెబుతున్నాను. ఈ జబ్బు ఏమిటో తేలేవరకు పాపను ఆ బండి ఎక్కించవద్దు. మీవారిని కూడా నాలుగు రోజులు బస్సులో వెళ్లమనండి. ఎందుకో తరువాత చెబుతాను. రెండో మాట: బోరు చేయించడానికి తొందరపడవద్దు. ముందు జబ్బు కనుక్కోకుండా కొత్త పిస్టను వేయిస్తే పాతదానికి పట్టిన గతే కొత్తదానికీ పడుతుంది.

ఇటువంటి బండ్లు మన ఇళ్లలో ఇంకా చాలా వున్నాయి. చేతక్ 1972లో బయటికి వచ్చింది. రాణా ప్రతాపుని గుర్రం పేరు పెట్టుకొన్న ఆ బండికోసం మధ్యతరగతి కుటుంబాలు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులున్నాయి. స్కూటర్ల తయారీ మానుకొంటున్నట్టు 2009లో ఆ సంస్థ ప్రకటించింది. మళ్లీ 2020లో అదే పేరుతో వచ్చిన బండి కరెంటుతో నడుస్తుంది. దానికి కార్బురేటరూ లేదు, ఈ జ్వరమూ రాదు. కనుక ఈనాటి కుర్ర మెకానిక్కులలో పాత బండి నాడి తెలిసినవారు తగ్గిపోతున్నారు. ఇంటివారికే కొంత తెలిసివుండటం మంచిది.

వేడి, గోల ఎందుకు కలిసివస్తాయి?

వంట తెలిసిన వారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. పిండికి నీళ్లు ఎంత పోయాలో లెక్క వున్నట్టే పెట్రోలుకు గాలి ఎంత కలపాలో లెక్క వుంది. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ పాకం కుదిర్చే వంటమనిషి కార్బురేటరు. గాలి లోపలికి వెళ్లే దారి అదొక్కటే కావాలి. ఎక్సిలేటరు వదిలేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. కొద్దిపాటి మిశ్రమం మాత్రం వెళ్లి ఇంజను మెల్లగా, పిల్లి గురక పెట్టినట్టు తిరుగుతుంది. దీన్నే మెకానిక్కులు ఐడ్లింగు అంటారు.

ఇప్పుడు కార్బురేటరు దాటాక ఎక్కడో ఒక సందు పడిందనుకోండి. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. మీరు ఎక్సిలేటరు మూసినా ఆ దొంగదారి మూసుకోదు. అందువల్ల ఇంజను గోలపెడుతుంది. మిశ్రమంలో గాలి పాలు పెరిగి పెట్రోలు పాలు తగ్గుతుంది కనుక వేడెక్కుతుంది. చేతక్ వంటి రెండు స్ట్రోకుల ఇంజనులో మూడో ప్రమాదం కూడా వుంది. పిస్టనుకు కావలసిన ఆయిలు పెట్రోలులో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. వేడి పెరిగిన సమయంలోనే జిడ్డు తగ్గుతుంది. ఎండలో నడిచేవాడి చేతిలో నీళ్ల చెంబు లాక్కొన్నట్టు!

పిస్టను అల్యూమినియంతో చేసినది, సిలిండరు పోత ఇనుముతో చేసినది. వేడికి అల్యూమినియం ఇనుముకంటె ఎక్కువ వ్యాకోచిస్తుంది. వేడి హద్దు దాటితే పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకొంటుంది. "ఇంజను పట్టేసింది" అంటారే, అది ఇదే. నడుస్తున్న బండిలో ఇది జరిగితే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోయి బండి జారుతుంది. పాపను ఎక్కించవద్దన్నది ఇందుకే. బండి నడిపేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దారిలో ఇంజను ఉన్నట్టుండి బరువెక్కి లాగలేకపోతున్నట్టు అనిపిస్తే ఆలోచించకుండా ఎడమచేతి క్లచ్చి నొక్కేయాలి. క్లచ్చి నొక్కితే చక్రానికి ఇంజనుతో సంబంధం తెగిపోతుంది. బండి దొర్లుతూ పక్కకు వస్తుంది.

ఇంట్లో చూడదగినవి

మెకానిక్కు దగ్గరకు పోకముందే కొన్ని పరీక్షలు ఇంటి ముంగిట్లోనే చేయవచ్చు. బండిని బయట నిలబెట్టి చేయాలి. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపకూడదు; దాని పొగలో వుండే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. వేడిగా వున్న ఇంజనుమీద చల్లారడానికని నీళ్లు పోయకూడదు. సిలిండరు బీటలు వారవచ్చు.

మొదటిది, ఎక్సిలేటరు తీగ. ఇంజను నడుస్తుండగా హేండిలును కుడివైపుకు, ఎడమవైపుకు పూర్తిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు గోల మారితే దోషం తీగది. అది బిగుసుకొని వుంది, లేదా తొడుగులో చిక్కుకొంటున్నది. చేతిపిడికి కొద్దిగా వదులు వుండాలి. ఇది పావుగంట పని, పెద్ద ఖర్చు లేదు.

రెండోది, ఐడ్లింగు స్క్రూ. కార్బురేటరు పైన వుండే ఈ స్క్రూను విప్పుతూ పోతే ఇంజను నెమ్మదించాలి. పూర్తిగా విప్పినా గోల తగ్గకపోతే గాలి మరో దారిన వస్తున్నదని అర్థం. ఇది చాలా విలువైన సాక్ష్యం. స్క్రూతో గోల అణచి "అయిపోయిందండీ" అనే మెకానిక్కు మీ దగ్గర ఈ సాక్ష్యాన్ని చెరిపేస్తున్నాడు.

మూడోది, ఇంజనుకు తగిలే గాలి. స్కూటరు ఇంజను మోటారు సైకిలు ఇంజనులాగా ఎదురుగాలికి చల్లబడదు. లోపల ఒక పంకా వుంది. అది విసిరే గాలిని రేకు డొప్ప సిలిండరు చుట్టూ వుండే రెక్కల మధ్యకు మళ్లిస్తుంది. ఆ రెక్కల మధ్య ఆయిలు, దుమ్ము కలిసి అట్టకట్టివుంటే చలికాలంలో రగ్గు కప్పుకొన్నట్టే. పంకా రెక్కలు విరిగివున్నాయేమో, డొప్ప స్క్రూలు లేకుండా వదులుగా వుందేమో చూడాలి. విప్పిన మెకానిక్కు మళ్లీ బిగించని డొప్పలు ఈ రాష్ట్రాల్లో కొల్లలు.

నాలుగోది, వెనక చక్రం. బండిని స్టాండు వేసి, గేరు తీసి, ఇంజను ఆపి చేత్తో తిప్పండి. సులభంగా తిరగాలి. గీసుకొంటూ ఆగిపోతుంటే బ్రేకు పట్టుకొనే వుంటున్నది. బ్రేకు పట్టిన బండిని లాగుతున్న ఇంజను వేడెక్కక ఏం చేస్తుంది? అయితే ఇది ఒక్కటే గోలకు కారణం కాదు. గోల లేకుండా వేడి మాత్రమే వుంటే దీన్ని ముందు అనుమానించాలి.

ఐదోది, ప్లగ్గు రంగు. కాసేపు నడిపి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక ప్లగ్గు విప్పించి చూడండి. కొస బిస్కట్టు రంగులో వుంటే పాకం కుదిరింది. నల్లగా మసిబారి వుంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా వుంటే గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. వేడి, గోల రెండూ వున్న బండిలో తెల్ల ప్లగ్గు కనిపిస్తే దొంగగాలి అనుమానం బలపడుతుంది.

దొంగ దూరే దారులు

కార్బురేటరును ఇంజనుకు బిగించే నట్లు వదులైతే గాలి అక్కడ దూరుతుంది. మధ్యనుండే ప్యాకింగు ఎండిపోయినా అంతే. వీటిని బిగించాలి గాని బలమంతా పెట్టి బిగించకూడదు. ఎక్కువ బిగిస్తే కార్బురేటరు అడుగు వంకరపోయి సందు పెద్దదవుతుంది. సిలిండరు అడుగు ప్యాకింగు మరో దారి. గాలి వడపోసే ఫిల్టరు చిరిగినా, దాన్ని పెట్టకుండా వదిలేసినా పాకం చెడుతుంది.

అనుమానమున్న అతుకుమీద చిక్కటి గ్రీజు పూసి ఇంజను నడిపించి చూడటం తేలికైన పరీక్ష. గ్రీజు సందును మూస్తుంది కనుక గోల మారితే దొంగ దొరికినట్టే. కొందరు మెకానిక్కులు పెట్రోలు చిలకరించి పరీక్షిస్తారు. వేడెక్కిన ఇంజనుమీద అది నిప్పుతో చెలగాటం. మీ ఇంటి ముందు చేయనివ్వవద్దు.

అన్నిటికంటె గుట్టుగా వుండే దారి ఆయిల్ సీలు. ఇంజను గుండెకాయలో తిరిగే ఇరుసుకు రెండువైపులా రబ్బరు సీళ్లు వుంటాయి. పంకా వున్న మాగ్నెటు పక్క సీలు గట్టిపడి పగిలితే గాలి నేరుగా లోపలికి పీల్చుకొంటుంది: గోల, వేడి. క్లచ్చి పక్క సీలు పోతే గేరుపెట్టె ఆయిలు లోపలికి పోయి దట్టమైన తెల్లపొగ వస్తుంది, గేరు ఆయిలు తరిగిపోతుంది. పొగ చూసి రెండో సీలును ఎవరైనా పట్టుకొంటారు. మొదటి సీలు పొగ పెట్టదు, చుక్క కార్చదు. అందుకే దాన్ని అనుమానించేవారు తక్కువ. ముప్ఫై ఏళ్ల రబ్బరు ఎండిపోవడం వింత కాదు. సోదరి వ్రాసిన లక్షణాలలో, అంటే చల్లగా వున్నప్పుడు బాగుండి వేడెక్కాక గోలపెట్టడంలో, నాకు ఎక్కువ అనుమానం ఈ సీలుమీదనే. ఊహమీద ఇంజను విప్పించనక్కరలేదు. తెలిసిన మెకానిక్కు అయితే ఇంజను దారులన్నీ మూసి, చిన్న పంపుతో కొద్దిగా గాలి ఎక్కించి, అతుకులమీద సబ్బునీళ్లు పూస్తాడు. సైకిలు ట్యూబు పంక్చరు వెతికినట్టే; బుడగలు ఎక్కడ వస్తే సందు అక్కడ. సీలు ఖరీదు కొద్దే. విప్పి బిగించే పనికే కూలి ఎక్కువ.

సందులు ఏవీ లేవని తేలితే అప్పుడు మిగిలినవి చూడాలి. మంట పుట్టే సమయం ముందుకు జరిగివుంటే ఇంజను వేడెక్కుతుంది, ఐడ్లింగూ పెరగవచ్చు. కార్బురేటరులో సన్న జెట్టు మూసుకుపోతే పెట్రోలు తక్కువవుతుంది. దాన్ని గాలి ఊది శుభ్రం చేయాలి, సూది పెట్టి పొడవకూడదు, మెత్తటి ఇత్తడి కనుక రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోలు ట్యాంకు మూతకు వుండే గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు సరిగ్గా దిగదు. సైలెన్సరు మసితో పూడిపోతే వేడి బయటికి పోలేదు. ఇవన్నీ చూశాకనే బోరు మాట ఎత్తాలి.

ఆయిలు, కొత్త పెట్రోలు

వేడెక్కుతున్నదని ఆయిలు ఎక్కువ కలపడం మన ఇళ్లలో పాత అలవాటు. బండి పుస్తకంలో ఏ పాలు చెప్పివుంటే ఆ పాలే కలపాలి. రెండు శాతమైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు, ఐదు లీటర్లకు 100. తక్కువ కలిపితే పిస్టను ఎండుతుంది. ఎక్కువ కలిపితే ప్రతి చుక్కలోను ఆయిలు పెరిగి పెట్రోలు తగ్గుతుంది; అంటే గాలి పాలు ఇంకొంచెం ఎక్కువవుతుంది. పైగా పొగ, మసి. మందు ఎక్కువ వేసుకొంటే జబ్బు త్వరగా తగ్గదు.

ఇటీవల మరో కారణం తోడైంది. మనదేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2025 నాటికి బంకుల్లో మామూలుగా దొరికేది అదే అయింది. ఇథనాలులో ఆక్సిజను దానిలోనే వుంటుంది. ఒక పాలు ఇథనాలుకు 9 పాళ్ల గాలి చాలు. ఈనాటి కొత్త బండ్లు పొగలోని ఆక్సిజనును కొలిచి తామే సర్దుకొంటాయి. 1988 నాటి కార్బురేటరుకు ఆ తెలివి లేదు; అది పాత పెట్రోలుకు నేర్చుకొన్న కొలతతోనే వడ్డిస్తుంది. ఫలితంగా మిశ్రమంలో గాలి పాలు ఎక్కువవుతుంది. అదీగాక ఇథనాలు పాతకాలపు రబ్బరు గొట్టాలను, సీళ్లను చెరుపుతుంది, గాలిలోని తేమను పీల్చుకొంటుంది.

అలాగని అన్నిటికీ కొత్త పెట్రోలునే తిట్టడం సరికాదు. బండి మెల్లమెల్లగా కొన్ని నెలలుగా వేడెక్కుతూ, ఐడ్లింగు మామూలుగా వుంటే పెట్రోలును అనుమానించవచ్చు. ఉన్నట్టుండి గోల మొదలైతే ముందు సందులు వెతకాలి. సందులన్నీ మూశాక కూడా ప్లగ్గు తెల్లగా వుంటే మెకానిక్కు చేత కాస్త పెద్ద జెట్టు వేయించి మళ్లీ ప్లగ్గు రంగు చూడాలి. పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయించాలి. నెలల తరబడి బండి కదలకుండా వుంటే ట్యాంకులో పెట్రోలు నిలవ వుంచకూడదు.

తాళం తిప్పినా ఆగకపోతే

వేడి మితిమీరినప్పుడు ప్లగ్గు కొస, లోపలి మసి నిప్పుకణికలై మంటను అవే పుట్టిస్తాయి. అప్పుడు తాళం తీసినా ఇంజను ఆగదు. కంగారుపడవద్దు. చోక్ పూర్తిగా లాగితే పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే బండిమీద గట్టిగా కూర్చొని, రెండు బ్రేకులూ పట్టి, నాలుగో గేరు వేసి క్లచ్చి వదిలేయాలి. పెట్రోలు కుళాయి కట్టేయడం ఒక్కటే చేస్తే చాలదు. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు తరిగేకొద్దీ ఇంజను ఇంకా గోలపెట్టి అప్పుడు ఆగుతుంది. ఆ చివరి గోలలోనే పిస్టను చెడవచ్చు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు పొలాల్లో తిరగడానికి నాలుగు లావు చక్రాల ఏటీవీ బండ్లు పాతవి కొంటున్నారు. వాటికీ ఇదే వైద్యం వర్తిస్తుంది. వాటిలో కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య రబ్బరు గొట్టం వుంటే మొదట దాన్ని వంచి చూడాలి. వంచితేగాని కనబడని నెర్రెలు వుంటాయి.

మెకానిక్కుకు ఏం చెప్పాలి?

"బండి బాగోలేదు, చూడు" అని చెబితే ఆయనకు తోచినది చేస్తాడు. ఒక కాగితంమీద ఇవి వ్రాసి ఇవ్వండి: గోల చల్లగా వున్నప్పుడు వుందా, వేడెక్కాకనే వస్తున్నదా? ఐడ్లింగు స్క్రూ పూర్తిగా విప్పినా తగ్గలేదా? హేండిలు తిప్పితే మారుతున్నదా? ప్లగ్గు ఏ రంగులో వుంది? పొగ ఎలా వుంది, గేరు ఆయిలు తగ్గుతున్నదా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు చదివిన మంచి మెకానిక్కు సగం జబ్బు అక్కడే చెబుతాడు. చదవకుండానే బోరు చేయాలనేవాడి దగ్గర బండి దింపవద్దు.

ఇక అమ్మాలా వద్దా అన్న ప్రశ్న. చట్టం ప్రకారం సొంత బండికి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ కాగితం, బీమా సరిగ్గా వున్నాయో చూసుకోండి. బండి అడుగు రేకు తుప్పుపట్టి, బ్రేకులు పనిచేయని స్థితిలో వుంటే ఎంత ప్రేమ వున్నా రోడ్డుమీదకు తీయకూడదు. అలా కాక దోషం ఒక రబ్బరు సీలుదే అయితే, దానికోసం తండ్రిగారి బండిని ఇనప సామాన్ల వాడికి తూచి ఇవ్వడం అన్యాయం. సీలు మార్పించి, ప్లగ్గు బిస్కట్టు రంగుకు వచ్చాక, మీవారిని ఒంటరిగా పదిరోజులు నడిపి చూడమనండి. ఆ పదిరోజులూ బండి ఆపినచోట నెమ్మదిగా గురక పెడితే అప్పుడు పాపను ఎక్కించుకోవచ్చు. తలకు చిన్న హెల్మెట్టు మాత్రం మరువవద్దు.

వచ్చేవారం: కుట్టుమిషను పదేపదే దారం తెంపుతుంటే చూడవలసిన విషయాలు.